మరిదిగారి తుపాకీ, నీ బీరువా

చెల్లీ, మరిదిగారు తుపాకీ లైసెన్సుకు పెట్టుకుందామనుకుంటున్నారని, రివాల్వర్ మంచిదా పిస్టల్ మంచిదా అని రాత్రిళ్లు ఫోన్లో వీడియోలు చూస్తూ కూర్చుంటున్నారని చెప్పావు. "ఆయన నన్నేమీ అడగట్లేదక్కా, నేనేం అడగాలో నాకూ తెలియట్లేదు" అన్నావు చూడు, ఆ మాటే నాకు పట్టుకుంది. లైసెన్సు ఆయన పేరున వస్తుంది. తుపాకీ ఆయన నడుముకు ఉంటుంది. కానీ రాత్రయితే అది ఉండేది మీ ఇంట్లో, నువ్వు చీరలు సర్దుకునే బీరువాలో, పిల్లలు ఆడుకునే గదిలో. అందుకే ఈ ముచ్చట నీతో పెట్టుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల్లో నగల దుకాణాలు నడిపే ఇళ్లల్లో, ఎల్బీనగర్‌లో ప్లాట్ల వ్యాపారం చేసే ఇళ్లల్లో నీలాంటి చెల్లెళ్లు ఇంకెందరో ఉన్నారు. వాళ్లకూ ఇదే చెబుతాను.

మరిదిగారి భయం ఉత్తదని మాత్రం నేననను. 2022 డిసెంబర్ 1 రాత్రి మన నాగోల్ స్నేహపురి కాలనీలో ఏం జరిగిందో మనందరికీ గుర్తే. నగల దుకాణంలోకి దొంగలు చొరబడి కాల్పులు జరిపారు. దుకాణం యజమానికి, సికింద్రాబాద్ నుంచి సరుకు తెచ్చిన బంగారం వ్యాపారికి తూటాలు తగిలాయి. దొంగలు బంగారం పట్టుకుపోయారు. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన ముఠా అని తేల్చి పోలీసులు తర్వాత పట్టుకున్నారు. అదే ఏడాది మార్చి 1న ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారులను కాల్చి చంపారు. ఇవి ఎక్కడో సినిమాలో జరిగినవి కావు, మనం రోజూ తిరిగే దారుల్లో జరిగినవి. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించి, బండి మీద ఇంటికొచ్చే మనిషికి వెనక హెడ్‌లైట్ పడితే గుండె దడ పుట్టడం సహజం. ఆ దడను చిన్నబుచ్చకు. అలా చేస్తే ఆయన నీతో మాట్లాడడం మానేసి, ఒక్కరే నిర్ణయం తీసేసుకుంటారు.

అయితే స్నేహపురి సంగతి ఇంకోసారి ఆలోచించి చూడు. సరుకు తెచ్చిన మనిషి వచ్చిన వేళకే దొంగలూ వచ్చారు. లోపలికి రావడం, కాల్చడం, బంగారం తీసుకుని పోవడం అంతా కొద్ది నిమిషాల పని. అలాంటి చోట నడుముకున్న తుపాకీ తీసి, అవతలివాడి కన్నా ముందు గురిపెట్టి, వెనక నిలబడ్డ కస్టమర్‌కు తగలకుండా కాల్చాలంటే ఎంత సాధన కావాలి? కొని బీరువాలో పెట్టినంత మాత్రాన అది రాదు. కాబట్టి మరిదిగారిని మొదట అడగాల్సింది ఏ తుపాకీ అని కాదు. "ఏ వేళ, ఏ చోట, ఎవరి వల్ల భయం?" అని అడుగు. దుకాణం మూసే వేళ భయమా? సరుకు మోసుకొచ్చే దారిలోనా? ఫలానా మనిషి బెదిరిస్తున్నాడా? బెదిరింపే అయితే ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు నమోదు కావాలి. రేపు లైసెన్సు అడిగినప్పుడు కూడా ప్రాణభయం ఉందన్న మాటకు ఆ కాగితమే ఆధారం.

ఇక లైసెన్సు సంగతి. మన దేశంలో తుపాకీ కలిగి ఉండడం హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమాలు దీన్ని నడిపిస్తాయి. దరఖాస్తు చేసే మనిషికి 21 ఏళ్లు నిండాలి. జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్ ఉన్న మన లాంటి చోట పోలీస్ కమిషనర్ లైసెన్సు ఇచ్చే అధికారి. స్టేషన్ నుంచి విచారణ నివేదిక వెళ్తుంది. ఆయన మీద కేసులున్నాయా, మానసిక స్థితి ఎలా ఉంది, నిజంగా అవసరముందా, అన్నీ చూస్తారు. తుపాకీ వాడకంలో, భద్రతలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కావాలి. ఇంట్లో ఎక్కడ, ఎలా భద్రంగా ఉంచుతారో హామీ రాసివ్వాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఒక మనిషి ఉంచుకోగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

ఇక్కడ ఒక్క విషయంలో చాలా పైలం చెల్లీ. "ఇక్కడ ఏళ్లు పడుతుంది, వేరే రాష్ట్రం నుంచి ఆలిండియా లైసెన్సు తెప్పిస్తాం, ఇంత ఇవ్వండి" అని దళారులు దిగుతారు. జమ్ముకశ్మీర్‌లో 2012 నుంచి 2016 దాకా 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అర్హత లేనివాళ్లకు ఇచ్చారన్న ఆరోపణలపై సీబీఐ దర్యాప్తే జరిగింది. డబ్బు పోవడం ఒక్కటే కాదు, మనిషి కేసులో ఇరుక్కుంటాడు. ఇంకా ఘోరం, ఎవడో సంచిలో తెచ్చిచ్చే నాటు తపంచా. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఉంచుకుంటేనే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు. నిషేధిత బోర్, అంటే మామూలు మనుషులకు ఇవ్వని గొట్టం కొలత ఉన్నదైతే, ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. నాటు తపంచా చేతిలోనే పేలి వేళ్లు తెగిపోయినా అడిగే దిక్కుండదు. మరిదిగారి నోట ఆ మాట వస్తే, ఎంత గొడవైనా సరే, గడప దాటనివ్వకు.

సరే, అవసరం నిజమే, లైసెన్సు కూడా వచ్చిందనుకుందాం. అప్పుడు ఏది కొనాలి? ఈ విషయం నువ్వు కూడా నేర్చుకో. సినిమాల్లో హీరో పట్టుకునే 9 ఎం.ఎం. పిస్టల్ మామూలు మనుషులకు ఇవ్వరు. 9 ఎం.ఎం., .38 లాంటివి నిషేధిత బోర్‌లు. మనకు దొరికేది ఎక్కువగా పాయింట్ 32, కొంత పాయింట్ 22. విదేశీ చేతి తుపాకులు మామూలు మనుషులు దిగుమతి చేసుకోవడం 1980ల నుంచీ ఆగిపోయింది. అందుకే ఎప్పుడో వచ్చిన పాత విదేశీ తుపాకీకి లక్షలు లక్షలు పలుకుతాయి. పేరు చూసి, దాని మీది మురిపెంతో అంత పోయకండి. దాని స్ప్రింగులు ఎంత అరిగాయో, విడిభాగం పోతే ఎక్కడ దొరుకుతుందో ఆలోచించండి.

దేశంలో తయారయ్యే వాటిలో మొదటి తేడా రివాల్వర్, పిస్టల్. రివాల్వర్‌లో గుండ్రంగా తిరిగే సిలిండర్ ఉంటుంది, అందులో సాధారణంగా ఆరు తూటాలు పడతాయి. కాన్పూర్‌లో తయారయ్యే రివాల్వర్లలో చాలావాటిని నడిమికి వంచితే సిలిండర్ పైకి తేలి, ఆరు గుంతలూ ఒకేసారి కంటికి కనపడతాయి. ఎన్ని నిండాయో, ఎన్ని ఖాళీయో చూడగానే తెలిసిపోతుంది. ట్రిగ్గర్ లాగినప్పుడు తూటా పేలకపోతే మళ్లీ లాగితే చాలు, పక్క గుంతలోది వస్తుంది. ట్రిగ్గర్ బరువుగా, దూరం లాగాల్సినట్టు ఉంటుంది. చేయి అదురుతున్నప్పుడు గురి తప్పడానికి అదే కారణమవుతుంది, పొరపాటున వేలు తగిలినప్పుడు పేలకుండా కాస్త ఆపేదీ అదే.

పిస్టల్ పద్ధతి వేరు. తూటాలు పిడిలోకి దూర్చే మ్యాగజైన్‌లో వరసగా ఉంటాయి. పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే మొదటి తూటా చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనకున్న గదిలోకి ఎక్కుతుంది. ఒకటి పేలగానే ఇంకొకటి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పలచగా ఉంటుంది, చొక్కా కింద కనపడదు, మళ్లీ నింపడం త్వరగా అవుతుంది. కానీ స్లైడ్ లాగడానికి చేతిలో బలం కావాలి. తూటా అడ్డంపడి ఇరుక్కుంటే తీసే తీరు తెలియాలి. సేఫ్టీ మీట ఎటు ఉంటే భద్రమో, ఎటు ఉంటే ప్రమాదమో చీకట్లో కూడా వేలికి తెలియాలి.

ఇప్పుడు నేను చెప్పేది చాలా శ్రద్ధగా విను. పిస్టల్ ఉన్న ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదమైన మాట "మ్యాగజైన్ తీసేశా, ఇక ఖాళీ" అన్నదే. మ్యాగజైన్ తీసేసినా, ముందే చాంబర్‌లోకి ఎక్కిన ఒక్క తూటా అక్కడే ఉండిపోతుంది. పైకి చూస్తే ఏమీ కనపడదు. ఎవరో సరదాగా ట్రిగ్గర్ నొక్కుతారు, అంతే. పద్ధతేమిటంటే, గొట్టం మనుషులు లేని వైపు పెట్టి, వేలు ట్రిగ్గర్ బయట ఉంచి, ముందు మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, లోపలి తూటా బయట పడ్డాక, చాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి మరీ ఖాళీ అని తేల్చుకోవాలి. ఈ వరస తారుమారైతే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, ఇంకో తూటా చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. మరిదిగారు ఇది రోజూ చేయలేను, ఓపిక లేదు అంటే, ఆయనకు పిస్టల్ తగదు. మొదటిసారి కొనేవాళ్లకు నేను రివాల్వర్ వైపే మొగ్గుతాను, కారణం ఇదే. ఖాళీయో కాదో అది కంటికి సూటిగా చూపిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండూ పాయింట్ 32 అంటారు కదా అని రెంటికీ ఒకే తూటా అనుకోవద్దు. కాన్పూర్ రివాల్వర్‌లో వేసే తూటా పొడుగు. అశని లాంటి పిస్టల్‌లో వేసేది పొట్టి, వేరే రకం. ఒకదానిది ఇంకోదానిలో వాడకూడదు. లైసెన్సు మీద ఏం రాశారో, డబ్బా మీద ఏం రాసి ఉందో చూసే తీసుకోవాలి. ఎన్ని తూటాలు కొనవచ్చో, ఒకసారికి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో కూడా లైసెన్సులోనే ఉంటుంది. కొన్నవి, కాల్చినవి ఒక పుస్తకంలో రాసి పెట్టుకోమను.

ఆడవాళ్ల కోసమని వచ్చిన నిర్భీక్ గురించి కూడా అడిగావు. ఢిల్లీలో 2012 డిసెంబర్‌లో నిర్భయ మీద జరిగిన ఘోరం తర్వాత, 2014లో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ తెచ్చిన రివాల్వర్ అది. పాయింట్ 32, టైటానియం మిశ్రమం, బరువు అర కిలో. మెరూన్ రంగు నగల పెట్టెలో పెట్టి అమ్మారు. అప్పటి ధర 1,22,360 రూపాయలు. రాత్రి డ్యూటీ దిగి నాగోల్ మెట్రో మెట్ల కింద ఆటో కోసం నిలబడే నర్సమ్మకు అంత డబ్బు ఎక్కడిది? ఉన్నా, హ్యాండ్‌బ్యాగ్ అడుగున టిఫిన్ డబ్బా కింద ఉన్న రివాల్వర్, వెనక నుంచి చేయి పడినప్పుడు అందుతుందా? బ్యాగే లాక్కుపోతే ఆ తుపాకీ ఎవరి చేతికి పోయినట్టు? ఆడవాళ్ల భయానికి నగల పెట్టెలో జవాబు పెట్టి అమ్మడం నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు. వీధి దీపాలు, చివరి బస్సు, పిలిస్తే వచ్చే పెట్రోలింగ్ బండి, ఇవి మనందరికీ కావాలి. 2014 అక్టోబర్‌లో మొదలైన పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, 100 ఉంది, 112 ఉంది, మహిళలకు 181 ఉంది. పెప్పర్ స్ప్రేకు లైసెన్సు అక్కర్లేదు. ముందు ఇవి వాడుకుందాం.

కొత్తది చూస్తానంటే, 2023లో కాన్పూర్ నుంచే ప్రబల్ అనే రివాల్వర్ వచ్చింది. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, నడిమికి వంచక్కర్లేదు. బరువు దాదాపు 700 గ్రాములు. బరువు తక్కువైతే మోయడం సులువే కానీ, పేలినప్పుడు చేతిలో ఎక్కువ ఎగురుతుంది. అందుకే పేరు చూసి, రంగు చూసి కొనకండి. గన్ హౌస్‌లో ఖాళీ అని చూపించాకే చేతిలోకి తీసుకుని, పిడి అరచేతికి నిండుగా కూర్చుందా, వేలు ట్రిగ్గర్‌కు సరిగ్గా అందుతోందా, సిలిండర్ గానీ స్లైడ్ గానీ అవస్థ పడకుండా తెరవగలుగుతున్నారా చూడమను. శుభ్రం చేసే సామాను, మరమ్మతు ఎక్కడ చేస్తారో, విడిభాగాలు దొరుకుతాయో లేదో అడగమను. వీలైతే నువ్వూ వెంట వెళ్లు. అక్కడ ఆయన ఎంత శాంతంగా అడుగుతారో, ఎంత ఉరకలేస్తారో చూస్తే నీకే చాలా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇంట్లో అది ఎక్కడ ఉంటుంది? దిండు కింద వద్దు. దేవుడి గూట్లో వద్దు. చీరల మడతల మధ్య అసలే వద్దు, పిల్లలు మొదట వెతికేది అక్కడే. గోడకు బిగించిన చిన్న ఇనుప లాకర్ కావాలి. తుపాకీ ఒక చోట, తూటాలు ఇంకో చోట, రెంటికీ వేర్వేరు తాళాలు. ఇక తాళం ఎవరి దగ్గర? మన ఇళ్లల్లో తాళాలగుత్తి ఆడవాళ్ల కొంగుకే ఉంటుంది కాబట్టి, ఆయన బయటికెళ్తూ "నువ్వే పెట్టుకో" అంటారు. ఒప్పుకోకు చెల్లీ. లైసెన్సులో నీ పేరు లేకపోతే ఆ తుపాకీ నీ ఆధీనంలో ఉండకూడదు. రేపు ఏదైనా జరిగితే చట్టం నిన్నూ ప్రశ్నిస్తుంది. తమ్ముడికో, డ్రైవర్‌కో "కాసేపు పట్టుకో" అని ఇవ్వడం కూడా తప్పే.

చెప్పడానికి నోరు రాని మాట ఒకటుంది, అయినా చెబుతాను. ఇంట్లోకి తుపాకీ వచ్చాక దొంగ ఎప్పటికీ రాకపోవచ్చు. కోపం మాత్రం ప్రతి ఇంటికీ వస్తుంది. అప్పు వస్తుంది, తాగుడు వస్తుంది, ఫలితాల రోజు పిల్లాడి ముఖం మాడిపోవడం వస్తుంది. ఆ ఒక్క గడియ గడిచిపోతే మనుషులు మళ్లీ మామూలవుతారు. చేతికందేలా తుపాకీ ఉంటే ఆ గడియ గడవకపోవచ్చు. మరిదిగారు మందు ముట్టుకునే మనిషైతే, మాటకు ముందు చేయి లేపే మనిషైతే, ఇంట్లో ఎవరైనా దిగులుతో కుంగిపోయి ఉంటే, ఇప్పుడు వద్దని గట్టిగా చెప్పు. నీకు ఇంట్లోనే భయంగా ఉంటే ఆ సంగతి దాచుకోకు, 181కి చెప్పు. దిగులు పడుతున్నవాళ్ల కోసం టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చడం కూడా మగతనం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరి ప్రాణమైనా ప్రమాదంలో పడేలా సంబరాల్లో కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకి వెళ్లిన తూటా ఎవరి మేడ మీదో దిగాల్సిందే కదా. దొంగ మీద కాల్చినా లెక్క చెప్పాలి. ఆత్మరక్షణకు భారతీయ న్యాయ సంహిత హక్కు ఇచ్చింది, కానీ అవసరానికి మించి హాని చేయకూడదని కూడా అందులోనే ఉంది. పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది ఆత్మరక్షణ అని ఒప్పించడం చాలా కష్టం. ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్‌లో అప్పగించమంటారు, తుపాకీ పోగొట్టుకుంటే వెంటనే ఫిర్యాదు ఇవ్వాలి, గడువు ముగియకముందే రెన్యువల్ చేయించాలి. ఇంకొకటి, దేవుడు అలాంటిది రానివ్వకూడదు గానీ, లైసెన్సున్న మనిషి పోతే ఇంట్లోవాళ్లు ఆ తుపాకీని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలి. ఆయన గుర్తు అని బీరువాలో దాచుకున్న అమ్మ తెలియకుండానే నేరంలో పడుతుంది. మీ వీధిలో అలాంటి పెద్దమ్మ ఎవరైనా ఉంటే ఈ మాట ఆమె చెవిన వెయ్యి.

తుపాకీ మీద ఇష్టమే అసలు కారణమైతే దానికి మంచి దారి ఉంది. ఎయిర్ పిస్టల్ నేర్చుకోమను. .177 బోర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల దూరంలో కాగితం మీద గురి. మన హైదరాబాద్ అబ్బాయి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. మన అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. కోచ్ దగ్గర కొన్ని నెలలు నిలబడితే ఊపిరి బిగపట్టడం, వేలు నెమ్మదిగా నొక్కడం, గొట్టం ఎప్పుడూ మనిషి వైపు తిప్పకపోవడం ఒంటపడతాయి. నువ్వూ నేర్చుకో, పిల్లలకూ నేర్పించు. లైసెన్సు తీసుకోవాలనుకునేవాళ్లకు కూడా ముందు ఇలా కోచ్ దగ్గర నిలబడడమే మంచిది.

దుకాణం భయానికి తుపాకీ కన్నా ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. సరుకు వచ్చే వేళ రోజూ ఒకటే కాకుండా మార్చాలి. రాత్రి షట్టర్ దించే వేళకు సరుకు తెప్పించుకోకూడదు. మూసేటప్పుడు ఇద్దరుండాలి. కౌంటర్ కింద కాలికందేలా అలారం బటన్, పనిచేసే కెమెరాలు, లోపల ఉన్న సరుకంతటికీ బీమా ఉండాలి. స్టేషన్ పెట్రోలింగ్ నంబరు, పక్క దుకాణాల వాళ్లతో ఒక మాట ఉండాలి. బంగారం అడిగితే ఇచ్చెయ్యమను. బీమా సొమ్ముతో బంగారం మళ్లీ వస్తుంది, ఆయన ప్రాణం రాదు.

ఇవన్నీ చేశాక కూడా ప్రాణభయం తీరలేదంటే, చట్టప్రకారం లైసెన్సు తీసుకుని, శిక్షణ పొంది, చేతికి కుదిరే రివాల్వర్ కొనుక్కోమను. నేను అడ్డు చెప్పను. కానీ డబ్బు కట్టే ముందు నీ ముందు కూర్చుని మూడు మాటలివ్వాలి. లాకర్ గోడకు బిగించాకే తుపాకీ గడప లోపలికి రావాలి. మందు ముట్టుకున్న రోజు ఆ తాళం ముట్టుకోకూడదు. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేదని నువ్వు చెప్పిన రోజున, ఎందుకని ఎదురు ప్రశ్న వేయకుండా, దాన్ని తీసుకెళ్లి లైసెన్సున్న డీలర్ దగ్గర జమ చేయాలి. ఈ మూడింటికీ మనస్ఫూర్తిగా సరే అన్న మనిషికి తుపాకీ ఉన్నా నేను నిశ్చింతగా ఉంటాను. ఒక్కదానికి మొండికేసినా, ఆయన ఏ తుపాకీకీ ఇంకా సిద్ధంగా లేనట్టే. ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పు చెల్లీ. అది నీ ఇల్లు.